స్టీరింగ్ ర్యాకు బిగించిన మధ్యాహ్నం

ఎనభైల మొదట్లో ఆదోనిలో అంబాసిడర్ టాక్సీ నడిపేవాణ్ణి. ఒక వేసవి మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఖాళీగా తిరిగొస్తుంటే స్టీరింగు చేతిలో వదులైపోయింది. నేను తిప్పేది ఒకవైపు, చక్రాలు పోయేది ఒకవైపు. ఎలాగో రోడ్డు పక్కకు దింపి, బస్సులో ఆదోని పోయి మెకానిక్‌ను పిలుచుకొచ్చాను. యాభై దాటిన సాయిబు. చక్రాలను తిప్పే పళ్ల కడ్డీని, అదే స్టీరింగ్ ర్యాకును, వేరే బండి నుంచి విప్పి గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు.

జాకీ నాది. బరువు పడితే మెల్లగా దిగిపోయే జబ్బు దానికుంది. ఆ సంగతి నాకు తెలుసు. సాయంత్రం పెళ్లివాళ్లను మాధవరం తీసుకుపోవాలి. బండి కింద ఆసరాకు రాళ్లు వెతుకుతూ కూర్చుంటే ఆలస్యమని ఆయనకు చెప్పలేదు. ఆయన మాత్రం స్టెప్నీ టైరును బండి కింద పడుకోబెట్టి మరీ దూరాడు.

పాత ర్యాకు ఊడింది. తెచ్చినదాని పళ్లు స్టీరింగ్ షాఫ్టులో కూర్చోవాలి. నేను లోపల పెడళ్ల మధ్య తల పెట్టి పడుకుని షాఫ్టు పట్టుకున్నాను. అంతలో జాకీ జారింది. బండి టైరు మీద కూలబడింది.

"కదలద్దప్పా!" కింద నుంచి కేక. "నువ్వు దిగితే ఇటు ఒరుగుతాది. నా ఎదకూ దీనికీ జానెడు గూడా లేదు."

క్లచ్ పెడల్ కింద నా మెడ ఇరుక్కుంది. కాలిన రేకు వీపుకు అంటుకుంటోంది. షాఫ్టు దిగే రంధ్రంలోంచి ఆయన కన్ను ఒక్కటే కనబడుతోంది. చూడలేక నా కళ్లు మూసుకున్నాను.

అప్పుడు చెప్పేశాను. "అన్నా, ఆ జాకీ దిగుతాదని నాకు తెలుసు. సెప్పలేదు."

 

"షాఫ్టు రవంత ఎడమకు తిప్పు," అన్నాడు కింద నుంచి.

"ఇప్పుడెందుకన్నా?"

"ఊరికే పండుకుంటే భయమైతాంది. తిప్పు."

తిప్పాను. ఆయన కింద నుంచి నెట్టాడు. మూడోసారికి పళ్లు కూర్చున్నాయి. ఆయన బోల్టు బిగిస్తుంటే ఒక్కో తిప్పూ షాఫ్టులోంచి నా చేతికి తెలిసింది.

బండి కింద నుంచి బయటికున్న ఆయన కాళ్లు చూసి ఆదోని బస్సు ఆగింది. పదిమంది దిగి బండిని ఎత్తి పట్టారు. ఒక నేతాయన చంకలో చీరల మూట దించకుండానే రెండో చెయ్యి వేశాడు.

ఇద్దరం బయటపడ్డాక, బండి కింద రాళ్లు పేర్చుకుని ఆయన మిగతా పని పూర్తి చేశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. "బండి సరిగ్గుంది, పో," అని, నేను ఎక్కమన్నా ఎక్కకుండా, తర్వాతి బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. నేను సీట్లో కూర్చున్నాను గానీ చాలాసేపు తాళం తిప్పలేకపోయాను.