గుట్టమ్మ సాక్షుల కోసం భివండికి

మా ఊరి గుట్ట కింద బొగ్గు ఉందట. గని కోసం లీజుకు అడుగుతున్న భూమి పటంలో గుట్ట కూడా పడింది. దాని మీద పాతకాలపు రాతి సమాధులున్నాయి, మేము రాక్షసగుళ్లు అంటాం. వాటి పక్కన నేతవాళ్లు అమ్మవారుగా మొక్కే గుట్టమ్మ బండ, బండ వెనక గుహలో ఎలుగుబంట్లు. ఇవన్నీ ఉన్నాయి, గుట్టను వదిలేయండని అభ్యంతరం రాశాం. ఎలుగుల సంగతి ముందే తేలిపోయింది. అటవీశాఖ వాళ్లు పెట్టిన కెమెరాలో తల్లి ఎలుగు, వీపు మీద పిల్లలతో కనిపించింది. చిక్కంతా గుట్టమ్మ దగ్గర వచ్చింది. సర్వేకు వచ్చినవాళ్లకు బండ మీద పసుపు మరక గానీ కొబ్బరి చిప్ప గానీ దొరకలేదు. దొరకదు మరి. గుహలో ఎలుగు పిల్లలుంటాయి, వాసనకు బెదరకూడదని, మొక్కు అయ్యాక బండ కడిగి, కప్పిన బట్టతో సహా అన్నీ కిందికి తెచ్చుకోవడం మా ఊరి నేతవాళ్ల పద్ధతి. వాళ్లలో చాలామంది ఇప్పుడు మరమగ్గాల పని మీద ముంబై దగ్గర భివండిలో ఉన్నారు. మొక్కేవాళ్లను తీసుకొస్తే కలిసి గుట్ట ఎక్కి చూస్తామని, అప్పటిదాకా గని హద్దు ఖాయం చేసేది లేదని సర్వే అధికారి చెప్పారు. ఊరివాళ్లు నన్ను పొమ్మన్నారు. నేను ఆ గుట్ట మీద మేకలు కాసినవాణ్ణి. నలుగురిలో మాట్లాడలేను, కానీ గుట్ట తెలుసు. బయలుదేరాను.

మా వైపు నుంచి వెళ్లేవారు నిజామాబాద్‌లో సాయంత్రం ముంబై రైలు ఎక్కితే తెల్లవారేసరికి కల్యాణ్‌లో దిగవచ్చు. స్లీపర్ టికెట్ ఐదు వందల లోపే. భివండి రోడ్ అని స్టేషన్ ఉంది గానీ అక్కడ ఆగే బండ్లు తక్కువ. కల్యాణ్ నుంచి బస్సే మేలు. లారీల మధ్య గంట పైనే పట్టింది. బస్సు దిగి ఆటోవాడికి నార్పోలి అని చెబితే నా ముఖం చూసి, తెలుగువాళ్ల గల్లీకేనా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. అంతకు మించి నాకు హిందీ అక్కర పడలేదు.

నర్సయ్య మా ఊరివాడే. కూలికి వచ్చి ఇప్పుడు తన సొంతానికి ఒక షెడ్డు పెట్టుకున్నాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. తలుపు దగ్గర అతని తల్లి లచ్చవ్వ కూర్చుని కండెలు చుడుతోంది. ఊరి వరసకు నాకు వదినె. నర్సయ్య చాయ్ తెప్పించి, లోపల గోడవారగా ఉన్న చిన్న రాయిని చూపించాడు. పసుపు పూసి, దీపం పెట్టి ఉంది. ఊరి నుంచి తెచ్చుకున్నాడట. గని తరఫు మనిషి ఫోన్ చేసి అడిగితే కూడా అదే చెప్పానని సంతోషంగా నా చెవి దగ్గర అరిచాడు.

“గుట్టమ్మ మాతోనే వచ్చింది, ఈడనే మొక్కుతున్నమని చెప్పిన, కాకా. ఖుష్ అయిండు.”

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. అమ్మవారు భివండికి వచ్చేసిందంటే గుట్ట తవ్వినా ఎవరికీ నష్టం లేదని రాసుకుంటారు. ఆ మాట నర్సయ్యకు చెప్పబోయాను. నా గొంతు ఆ చప్పుడులో నాకే వినబడలేదు. రెండోసారి అరిచాను. అతను చెయ్యి చెవికి ఆనించి నవ్వాడు. లచ్చవ్వ లేచి వచ్చి బంద్ చెయ్యమని సైగ చేసింది. నర్సయ్య కాస్త తటపటాయించి మోటారు ఆపాడు. ఒక పనివాడు తలెత్తి, “లైట్ గయా క్యా?” అన్నాడు, కరెంటు పోయిందనుకుని.

“మేకలకు తప్ప మనుషులకు మాట చెప్పరాదు నీకు,” అంది లచ్చవ్వ నాతో. “ఇప్పుడు చెప్పు.”

కెమెరాలో పడ్డ తల్లి ఎలుగు సంగతీ, గని మనిషి ఆ మాటను ఎలా వాడుకుంటాడో కూడా చెప్పాను. నర్సయ్య ముఖం మాడింది. రాయి ఉంది కదా, అబద్ధమేం చెప్పలేదు కదా అని గొణిగాడు.

“అది వాగు రాయిరా. నువ్వే ఏరుకొచ్చినవ్,” అంది తల్లి. “సాంచ మీద కొత్త నూలు భీము ఎక్కినప్పుడల్లా తొలి గజం బట్ట ఈడ చూపెడ్తున్నం. ఎవరన్న ఊరికి పోతే గుట్ట మీద కప్పమని ఇచ్చి పంపుతున్నం. అమ్మ ఈడనే ఉంటే ఎందుకు పంపుతున్నవ్?”

నర్సయ్య రాయి పైన ఉన్న అర వైపు చూశాడు. ఊరికి పోయేవాళ్ల కోసం మడిచి ఉంచిన బట్ట అక్కడే ఉంది. తర్వాత దాన్ని దించి సంచిలో పెట్టాడు.

“నేనే చెడగొట్టిన. నేనే వచ్చి చెప్త. గల్లీల మనోళ్లందరినీ తెస్త, కాకా. ఆ దినం సాంచాలు బంద్.”

నాకు ధైర్యం వచ్చి, ఈసారి బట్టను బండ మీదే వదిలేద్దాం, అందరికీ గుర్తుగా ఉంటుంది అన్నాను. లచ్చవ్వ ఒప్పుకోలేదు.

“కప్పి చూపెట్టుండ్రి. మల్ల తీస్కొని రాండ్రి. పిల్లలతల్లి ఉన్నదంటివి కద.”

తిరుగు రైల్లో ఆ మాటే తలుచుకున్నాను. గుట్ట పోతుందన్న రోజున కూడా ఆమె ఎలుగు గురించే ఆలోచించింది. అక్కడ మరక కనబడకపోవడమే మావాళ్ల మొక్కు అని ఇప్పుడు నేను అధికారికి చెప్పగలను. నర్సయ్య వాళ్లు వస్తారు. గని హద్దు గుట్టను వదిలేసి అవతలే పడుతుందని నాకు నమ్మకం ఉంది. మీ ఊరి భూమి కూడా గని లీజులో ఉంటే, అభ్యంతరం రాసే ముందు వలస వెళ్లిన మీవాళ్లను ఒకసారి కలవండి. భివండికైతే శుక్రవారం చేరేలా చూసుకోండి. ఆ రోజు చాలా షెడ్లకు సెలవు. మెల్లగా మాట్లాడినా వినబడుతుంది.