కుచ్చుల సైకిలు ఎవరిదంటే

మొన్నామధ్య మా అమ్మాయికి కాలేజీకి పోవడానికి సైకిలు కొందామని కడపలో అంగడికి పోయినప్పుడు, మా ఆవిడ అక్కడ వేలాడదీసిన ప్లాస్టిక్ కుచ్చులను చేత్తో నిమిరి, "ఇవి గన చూస్తే మీ కుచ్చులాయప్ప యాడున్నా లేచి వస్తాడు" అని నవ్వింది. అమ్మాయి నవ్వింది. సంగతి తెలియకపోయినా అంగడాయన కూడా మర్యాదకు నవ్వాడు. నేను మాత్రం పక్కకు తిరిగి, కొనే ఉద్దేశం లేని ఒక గాలిపంపును అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాను.

కుచ్చులాయప్ప అంటే మా మేనమామ. కోయిలకుంట్లలో వడ్ల వ్యాపారం చేసుకుంటూ, తెల్ల పంచె, ముతక చొక్కా తప్ప వేరే బట్ట కట్టి ఎరగని మనిషి. అటువంటి మనిషిని మా అత్తవారి ఊళ్లో మాత్రం ఇప్పటికీ వయసు మళ్లినా సోకు తీరనివాడుగానే చెప్పుకుంటారు, పెండ్లిళ్లలో ఆయన కనబడితే పిల్లలు ఆ పేరుతోనే చుట్టూ చేరతారు. ఆయన నవ్వుతూ ఊరుకుంటాడు. ఊరుకున్నందుకు ఆయనది గొప్పతనం, ఊరుకున్నందుకు నాది మాత్రం ఇంకేదో. ఆ కుచ్చులు నావి. ఆ కథలో ఉన్న మనుషుల్లో సగం మంది ఇంకా ఉండగానే ఆ మాట రాసిపెట్టాలని ఇది మొదలుపెట్టాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కచేరీలు గుడారాల్లో నడిచేవి, మా బోటి చిన్న గుమాస్తాలు కూడా గుడారాల్లోనే పడుకునేవాళ్లు, గాలిదుమారం లేస్తే కాగితాల మీద ముందు మేము పడుకుని తర్వాత రాయి పెట్టేవాళ్లం. ఊరికి ఎక్కడెక్కడి నుంచో కొత్త మనుషులు వచ్చారు, వాళ్లతో పాటు సైకిళ్లు వచ్చాయి, సైకిళ్ల వెనకాలే అలంకారాలు అమ్మే అంగళ్లు వచ్చాయి. సాయంకాలం కచేరీ వదిలాక మేమంతా ఆ అంగళ్ల ముందు నిలబడేవాళ్లం. ఒక జీతానికి బెల్లు, ఇంకో జీతానికి డైనమో దీపం, ఆ తర్వాత చెయినుకు రేకు కవరు, క్యారియరు, చక్రం ఇరుసుల మీద గిరగిరా తిరిగే రంగు నూలు పువ్వులు, చుట్టూ జాలరు కుట్టిన ఎర్ర మఖమలు సీటు కవరు, ఇట్లా నా సైకిలుకు ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోయాను. అన్నిటికన్నా చివర కొన్నవి పట్టుదారం కుచ్చులున్న చేతి పిడులు. ఎవరైనా లాక్కుపోతారేమోనని అంగట్లో ఆయన చేత పంక్చరు సొల్యూషను పూయించి మరీ గట్టిగా అతికించుకున్నాను. ఇన్ని కొన్నవాణ్ని గాలిపంపు కొనలేదు. పంపు ఎవరికి కనబడుతుంది?

ఆ ఏడే మా మేనమామ నాకు సంబంధం చూశాడు. ఆయనకు ఇవ్వడానికి ఆడపిల్లలు లేరు, అందుకని నాకు పిల్లను వెతికే పూచీ తనదేనని ముందునుంచీ అనేవాడు. పిల్లది కోయిలకుంట్ల దగ్గరి పల్లె, సేద్యం చేసుకునే కుటుంబం. నేను సైకిలును గోతాల్లో చుట్టించి, బస్సు మీద వేయించుకుని దిగాను. బస్టాండులో గోతాలు విప్పుతూ ఉంటే మా మామ చుట్టూ తిరిగి చూసి, "సైకిలు బాగుండాదప్పా. దీనికి పెండ్లి ఎప్పుడు?" అన్నాడు.

మరునాడు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. ఆయన సైకిలుకు బెల్లు కూడా లేదు, ఎవరైనా అడ్డం వస్తే "ఓ అప్పా, జరుగు" అని గొంతెత్తేవాడు. ఉన్నదంతా ఒక పంపు, సీటు కింద చిన్న సంచిలో పంక్చరు సామాను. రెండు పక్కలా నల్లరేగడి చేలు, జొన్న కోసి కొయ్యకాళ్లు మిగిలి ఉన్నాయి, మధ్యలో ఎద్దులబండ్ల గాడి. ఎవరూ లేని ఆ బాట మీద నేను ఊరికే బెల్లు కొట్టుకుంటూ పోయాను, ఆ చప్పుడు నాకంత ముద్దుగా ఉండేది. ఊరు కనుచూపు మేరకు వచ్చేసరికి తుమ్మముల్లు దిగి నా ముందు చక్రం కూచుంది.

మామ చొక్కా చేతులు మడుచుకుని ట్యూబు పీకి అతుకు వేస్తూ, మాటల్లో మాటగా అప్పుడు చెప్పాడు, పిల్ల తండ్రికి సోకుగాళ్లంటే గిట్టదని. అంతకుముందు నంద్యాల నుంచి ఒక పిల్లోడు నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడట, ఆయన కాఫీ ఇచ్చి, ఎండ లేని వసారాలో కూడా అద్దాలు తియ్యని వానికి నా కూతురు యాడ కనబడుతుందని చెప్పి పంపేశాడట.

అప్పటికే మా అమ్మ ఆ పిల్లను ఒక పెండ్లిలో చూసి వచ్చి, చదువుకున్న పిల్ల, నిదానస్తురాలు అని నెలల తరబడి చెప్పి ఉంది, చూడకుండానే ఆ సంబంధం మీద నాకు ఆశ పెరిగిపోయింది. అక్కడే బాటలో కూచుని అలంకారాలు పీకబోయాను. మఖమలు కవరు గట్టిగా కుట్టి ఉంది, పిడులు మెలిపెట్టినా రాలేదు, ఒక్క కుచ్చు నుంచి మాత్రం నాలుగు దారాలు ఊడి వచ్చి మరీ అసహ్యంగా తయారైంది. మామ పంపు కొడుతూ నన్నే చూస్తున్నాడు.

"మామా, నీ సైకిలు నాకియ్యవా, ఈ పూటకే" అన్నాను.

"నాకేమి, నాకు పిల్లనెవరిస్తారులే" అని ఆయన లేచి, పంచె దులుపుకుని, ఎర్ర మఖమలు మీద కూచున్నాడు.

పిల్ల తండ్రి మమ్మల్ని లోపలికి పిలవకముందే సైకిళ్ల దగ్గరికి వచ్చాడు. సంతలో ఎద్దుల జతను చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు, చక్రం నొక్కాడు, నూలు పువ్వును వేలితో తిప్పాడు, బెల్లు రెండుసార్లు మోగించాడు, ఆఖరుకు కుచ్చును అరచేతిలోకి తీసుకుని మా మామ ముఖంలోకి చూశాడు.

"ఏమప్పా, ఈ వయసులో నీకీ కుచ్చులేంది?"

ఆ క్షణం నేను నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. మామ నావైపు చూడను కూడా చూడలేదు.

"ఎద్దులకు కడ్తాం గదప్పా. అవి మోసేది గింజల్ని, ఇది మోసేది నన్ను. దీనికేం తక్కువ?"

వసారా అంతా నవ్వింది. లోపలి నుంచి ఆడవాళ్ల నవ్వు కూడా వినబడింది. పిల్ల తండ్రి నవ్వు ఆపుకుని బెల్లు లేని సైకిలు మీద చెయ్యి వేసి, "పట్నంలో ఉజ్జోగం చేస్తా కూడా ఈ పిల్లోడు ఎంత సాదాగా వచ్చినాడో చూడండి. ఇట్లాంటోడు శానా నిలకడగా ఉంటాడు" అన్నాడు. సంబంధం అక్కడే కుదిరింది. కుచ్చులాయప్ప అన్న పేరు కూడా మేము ఊరు దాటకముందే కుదిరింది.

ఈ పూటకే అని అడిగిన సైకిలు నా దగ్గరే ఉండిపోయింది. అత్తవారింటి వాళ్లు ఎవరు ఎప్పుడు కర్నూలు వస్తారో అని నేను ఆ బోసి సైకిలు మీదనే కచేరీకి తిరిగాను, ముచ్చటపడి కొన్నవన్నీ కోయిలకుంట్ల బజారులో మా మామను మోస్తూ తిరిగాయి. వడ్ల సంచుల మధ్యకు ఎర్ర మఖమలు మీద వచ్చే ఆ పెద్దమనిషిని చూసి బేరగాళ్లు ఏమనుకునేవాళ్లో, ఆయన నాతో ఒక్కనాడూ అనలేదు. నేనూ అడగలేదు. చెప్పాలని ప్రతి పెండ్లిలోనూ అనుకుంటాను. మా ఆవిడ తండ్రి బతికున్నన్నాళ్లూ ఆయనకు భయపడ్డాను, ఆయన పోయాక అలవాటుకు లొంగాను.

అంగడి నుంచి వచ్చిన సాయంత్రం మా ఆవిడతో అంతా చెప్పేశాను. ఆమె చేతిలోని చిక్కుడుకాయలు వలుస్తూనే ఉంది. వాళ్ల ఇంటి నుంచి ఆ రోజు నేను బయల్దేరేటప్పుడు మేకలు అడ్డం వచ్చాయట, నేను బెల్లు లేని పిడి మీద బొటనవేలితో ఊరికే నొక్కుకుంటూ ఉంటే కిటికీలో నుంచి చూసిందట.

"అప్పుడే తెలుసు. మీరే చెప్తారులే అని చూస్తి."

"ఇన్నేళ్లా?"

"మీరు చెప్పలేదు, నేను చూస్తాంటి."

మరి ఆ కుచ్చులాయప్ప మాట ఎత్తినప్పుడల్లా ఆమె నావైపే చూసి ఎందుకు నవ్వేదో నాకు అప్పుడు అర్థమైంది.

వారం తిరగకుండా ముగ్గురం కోయిలకుంట్ల పోయాం. మామకు చూపు తగ్గింది, సైకిలెక్కడం మానేశాడు. సైకిలు మాత్రం గోడకు ఆనించి ఉంది, మఖమలు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది, కుచ్చుల్లో పట్టుమని పది దారాలు లేవు. ఇక అందరికీ నిజం చెప్పేస్తానని నేను అంటే ఆయన ఒప్పుకోలేదు.

"సైకిలు కావాలంటే తీస్కపో అల్లుడా. పేరు మాత్రం ఇయ్యను. ఇంత వయసులో కొత్త పేరు నాకెవరు పెడతారు?"

ఆయన ఇవ్వకపోయినా నేను రాస్తున్నాను. పేరు ఆయన దగ్గరే ఉండనీ, కుచ్చులు ఎవరు కొన్నారో మాత్రం నలుగురికీ తెలియనీ. వచ్చేటప్పుడు ఆయన తడుముకుంటూ బెల్లు విప్పి మా అమ్మాయి చేతిలో పెట్టాడు.

మా అమ్మాయి సైకిలు అన్నీ బిగించే వచ్చింది, కాఫీ తాగినంత సేపట్లో కొనడం అయిపోయింది. ఒక్కొక్క జీతానికి ఒక్కొక్కటి అనుకుంటూ అంగడి ముందు నిలబడడం ఆమెకు తెలియదు, సైకిలు చుట్టూ ఎద్దు చుట్టూ తిరిగినట్టు తిరిగే పెద్దలూ ఇప్పుడు లేరు. అయినా కొత్త బెల్లు తీయించి ఈ పాతది పెట్టించుకుంది. పొద్దున ఆమె కాలేజీకి బయల్దేరి వీధిలో బెల్లు కొడుతుంది. లారీలు, జనం, అంగళ్ల రేడియోలు, ఆ గోలలో ఒక్కరూ పక్కకు జరగరు. ఆనాడు వినడానికి మనిషే లేని బాటలో ఆ చప్పుడు చేలు దాటి పోయేది. ఇప్పుడు ఇంత మంది మధ్యలో, వాకిట్లో నిలబడిన నాకు ఒక్కడికే వినబడుతోంది.