మా మామ కారులో నీళ్ల దొంగ

కొత్తగా డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చిన రోజుల్లో మనిషికి లోకమంతా తన స్టీరింగు చుట్టూనే తిరుగుతున్నట్టు ఉంటుంది. నాకైతే మరీను. అప్పట్లో నేను లక్సెట్టిపేటలో మా మేనమామ ఇంట్లో ఉండి, మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. మామ కరీంనగర్ పోయి ఒక పాత కారు కొనుక్కొచ్చాడు గానీ ఆయనకు నడపడం రాదు. నేర్చుకోమంటే వినడు. ("నేర్పేటోడు సగమే నేర్పుతడు బిడ్డా, మిగిలిన సగం తన దగ్గర్నే పెట్టుకుంటడు" అనేవాడు.) అలా ఆ కారుకు డ్రైవర్ని నేనయ్యాను.

మామ అనుమానాల మనిషి. పాలు పోయించుకుని అందులో వేలు ముంచి చూస్తాడు. బస్సు కండక్టర్ ఇచ్చిన టికెట్టును వెలుతురుకు పట్టి చూస్తాడు. ఆయన అనుమానించని ప్రాణి లోకంలో ఒక్కటే, పక్కింటి మస్కట్ కాక. మస్కట్‌లో చాన్నాళ్లు పనిచేసి వచ్చి ట్రాక్టరు కొనుక్కున్న కాకకు, మామకు చిన్నప్పటి దోస్తానా. కాక భార్యకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఏటా రాఖీ మామకే కట్టేది. దాంతో దోస్తులిద్దరూ బావా బామ్మర్దులైపోయారు. అంతటి స్నేహానికి ఎసరు పెట్టింది ఈ పాత కారు.

చలికాలం మొదలయ్యేసరికి కారులో కూలెంట్, అంటే ఇంజను వేడెక్కకుండా పోసే ఆ ఆకుపచ్చ నీళ్లు, తగ్గిపోవడం మొదలైంది. నింపిన డబ్బా నాలుగు రోజులు తిరక్కుండానే సగానికి వచ్చేది. వంగి కారు కింద చూస్తే చుక్క తడి లేదు. "కారితే కింద పడాలె గదా? పడలే. అంటే ఎవడో తీస్తుండు" అని మామ తేల్చేశాడు. (సైన్సు టీచర్ని, నేనూ తలూపాను.) పైగా కారెక్కగానే బెల్లం పాకం లాంటి తియ్యటి వాసన. అది నా మీదకు వచ్చింది, నేను కారులో దొంగచాటుగా షర్బత్ తాగుతున్నానని. అద్దం లోపలివైపు జిడ్డుగా పొగ పట్టేది. అదీ నా మీదకే వచ్చింది. "నువ్వు ఊపిరి గట్టిగ తీస్తున్నవ్ బిడ్డా. నడిపేటప్పుడు జర మెల్లగ తియ్యి." చాలా రోజులు నేను నిజంగానే ఊపిరి బిగబట్టి కారు నడిపాను.

ఒక పొద్దున మామ డాబా మీద పళ్లు తోముకుంటూ పక్కింట్లోకి చూశాడు. మస్కట్ కాక తన ట్రాక్టరులో ఆకుపచ్చ నీళ్లు పోస్తున్నాడు. అంతే, మామ నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. కిందికి వచ్చి, "దొరికిండు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

ఆ సాయంత్రం బానెట్టుకు కనపడకుండా నల్లదారం కట్టాడు. దారం తెగలేదు, నీళ్లు మాత్రం తగ్గాయి. "కిందికెళ్లి పైపు పెట్టి గుంజుతుండు" అన్నాడు. తర్వాత కారు చుట్టూ పొయ్యిలో బూడిద చల్లాడు. తెల్లారి అందులో దొరికినవి మా అత్త అడుగులే. "అవునయ్యా, నేనే తీసిన. పప్పుచారుల పోసిన, రాత్రి నువ్వు రెండుసార్లు ఏసుకున్నవ్" అంది అత్త బట్టలు ఆరేస్తూ. మామ ఒక్క క్షణం అదీ ఆలోచించాడు.

ఇంతలో కాక కూతురి పెళ్లి కుదిరింది. కాక శుభలేఖ పట్టుకుని వచ్చి, "బామ్మర్దీ, లగ్గం ఆదిలాబాద్‌ల, పిలగానోళ్ల దిక్కే. పిల్లను మండపం మీదికి తోలుకొచ్చే మేనమామవు నువ్వే" అన్నాడు. మామ గోడవైపు చూస్తూ, "చూద్దాం తియ్యి. పానం మంచిగుంటలేదు" అన్నాడు. కాక మొహం వాడిపోయింది. చాయ్ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు.

పెళ్లి రోజున అత్త పట్టుచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. "మేనమామ లేకుంట పిల్ల మండపమెట్ల ఎక్కుతది? నువ్వు రాకుంటే నేను బస్సుల పోత. పోయి నీ బూడిద కథ అందరి ముంగట చెప్త." మామ కొత్త ధోతి కట్టుకుని, మూతి ముడుచుకుని, నా పక్క సీట్లో కూర్చున్నాడు.

జన్నారం దాటి అడవిలోకి వచ్చేసరికి పొగమంచు, ఎముకలు కొరికే చలి. వెనక సీట్లో అత్త పళ్లు టకటకమంటున్నాయి. హీటర్ వేస్తే పెట్రోలు తాగుతుందని మామ అప్పటిదాకా దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. అత్త గదమాయిస్తే వేశాను. ఒక్కసారిగా తియ్యటి ఆవిరి మొహాన కొట్టింది, అద్దమంతా తెల్లబడింది, "అవ్వో, కాళ్లు!" అని మామ కేక. ఎలాగో పక్కకు తీసి ఆపాను. డాష్‌బోర్డు కింది నుంచి వేడినీళ్లు ఆయన పాదాల మీదికి కారుతున్నాయి. మ్యాట్ ఎత్తితే అడుగున మడుగు, ఆకుపచ్చగా. మామ వేలు ముంచాడు, వాసన చూశాడు, వేలివైపే చూస్తూ కూర్చున్నాడు.

"దొంగ దొరికిండా?" అడిగింది అత్త వెనక నుంచి.

ఇంజను చల్లారనిచ్చి, వెంట తెచ్చుకున్న మంచినీళ్లన్నీ పోసి ఉట్నూరు చేరాం. హీటర్ కాయిల్ చిల్లుపడిందని మెకానిక్ చెప్పాడు. డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్ లాంటిదట. మార్చాలంటే కారు సగం విప్పాలి, అంత టైము లేదు. అందుకని హీటరుకు పోయే పైపు, వచ్చే పైపు ఒకదానికొకటి కలిపేశాడు. మామ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అత్త కంగారుపడి ఆయన నుదురు ముట్టుకుని చూసింది.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర మస్కట్ కాక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మామ చెప్పులు చేతబట్టుకుని, ఆకుపచ్చ మరకల ధోతితో దిగాడు. "బావా, నా కార్ల నీళ్లు పోతుండె గదా, నేను..." అని ఆగిపోయాడు.

"ఎరికే. బూడిద పోసినప్పుడే ఎరికైంది. మా గోడ మీదికెళ్లి అంత కనబడ్తది."

"మరి అడుగకపోతివి?"

"ఏమని అడుగాలె? నువ్వు రావేమోనని పరేషాన్ల ఉన్న. ముందుగాల పిల్లను తోలుకరా పో, కేసు తర్వాత జూద్దాం."

మామ ఆ మరకల ధోతితోనే పిల్లను మండపానికి తెచ్చాడు. తెస్తున్నంతసేపూ ఆమెకంటే ఆయనే ఎక్కువ ఏడ్చాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో, భార్యను పిల్లకు తోడుగా అక్కడే ఉంచి, కాక మా కారే ఎక్కాడు. హీటర్ లేదు. వెనక సీట్లో బావా బామ్మర్దులు ఒక్క దుప్పటే కప్పుకున్నారు, అత్త నా పక్కకొచ్చింది. పొద్దు గుంకుతోంది. కూతుర్ని అప్పగించి వచ్చిన మనిషి మామ చెప్పిన పొద్దుటి ఆవిరి కథంతా విన్నాడు. తర్వాత కండువాతో కళ్లొత్తుకున్నాడు. "ఏందో బామ్మర్దీ, నీ కార్ల గా ఆవిరి ఇంక పోలేనట్టుంది. కండ్లు మండుతున్నయి" అన్నాడు.

పైపులు కలిపేశాక ఆవిరి ఎక్కడిది? పాఠం చెప్పడానికి నేను నోరు తెరిచాను. అత్త నా మోచేతి దగ్గర గిల్లింది. పాలలో వేలు ముంచి చూసే మా మామ మాత్రం, "అవు బావా, నాకు గూడ మండుతున్నయి" అని దుప్పటి ఆయనవైపు ఇంకాస్త జరిపాడు.

నేను ఇంకా ఆవిరి గురించే ఆలోచిస్తూ, ఇంతమందిని ఇంటికి చేరుస్తున్నది నేనొక్కదాన్నేనని పొంగిపోతూ, నడుం నిటారుగా పెట్టి కారు నడిపాను. ఆనాటి నేను, ఆ డ్రైవరు పిల్ల, ఇప్పుడు ఎదురైతే పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, కాసేపు ఆమె డ్రైవింగు చూడాలని ఉంటుంది.