మాత్రల డబ్బాలో రెండు బొగ్గులు

బల్లలూ బీరువాలూ చేసే ఆ కార్ఖానాను పంతొమ్మిదేళ్లుగా ఊడ్చేది ఆవిడొక్కతే. పనివాళ్లందరికీ పెద్దమ్మ. చీపురు కదిలితే ఆవిడ నోరూ కదిలేది. రెంటికీ ఒకేసారి పక్కకు తప్పుకోవడం వాళ్లకు అలవాటైపోయింది.

ఆ ఏడు ఆవిడకు దగ్గు పట్టుకుంది. డాక్టరు గొట్టం పెట్టి విని, లోపల చెక్కపొట్టు చేరింది, మళ్లీ చీపురు పట్టేట్టయితే నా దగ్గరికి రావద్దన్నాడు. చీపురు వదిలితే పని పోతుంది. పని పోతే ఉంటున్న గది పోతుంది. గది పోతే మరిది ఇంటికి చేరి, తోడికోడలు చూపించిన మూల మంచం వేసుకోవాలి. తోడికోడలు మంచిదే. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు తనే చెప్తుంది. అది వినడంకన్నా పొట్టు పీల్చడమే నయమని పెద్దమ్మకు అనిపించింది.

కార్ఖానాలో దుమ్ము లాగే మిషనొకటి ఉండేది, చక్రాల మీద నడిచే డ్రమ్ము. యజమాని మోజుపడి కొన్నాడు. లోపలి గుడ్డసంచి దులపాలని మాత్రం ఎవరికీ తోచలేదు. సంచి చిరిగింది, పొట్టు మోటారెక్కింది. మిషను కొన్నాళ్లు కీచుమంది, కొన్నాళ్లు నిప్పురవ్వలు కక్కింది, ఆఖరికి కంపుకొట్టి ఊరుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మిషనే నాసిరకమని తేల్చి వెనకాల చెత్తలో పడేశారు.

దాన్ని పట్టుకుపోనా అని పెద్దమ్మ నలుగురి ఎదుటా అడిగింది. పారేసినదానికి అడగడమెందుకు, పట్టుకుపొమ్మన్నాడు యజమాని, అదీ నలుగురి ఎదుటే. ఆ డ్రమ్ములో నీళ్లు పట్టుకుంటుంది కాబోలని పనివాళ్లు అనుకున్నారు.

వాళ్లకు తెలియనిది ఒకటుంది. పెద్దమ్మ మొగుడికి మోటార్లు బాగుచేసే షాపుండేది. బోర్డు మీద పేరు ఆయనది, బల్ల దగ్గర చేతులు ఈవిడవి. ఆయన చేతులు వణికేవి. ఎందుకు వణికేవో వీధి వీధంతా ఎరుగును కాబట్టి ఆ ముచ్చట వద్దు. ఆయన పోయాక షాపు మరిదికి పోయింది. ఈవిడ చేతుల్లోకి చీపురొచ్చింది.

ఆదివారం పొద్దున్నే డ్రమ్మును దొర్లించుకుంటూ మరిది షాపుకెళ్లింది. అతను చూసి నవ్వాడు.

"వదినా, ఇది తిరిగితే నేను మీసం తీసేస్తా."

"ఉన్నవే నాలుగు వెంట్రుకలు, వాటికి పందెం కూడానా? స్క్రూడ్రైవర్ ఇలా తే."

మోటారు విప్పితే గుప్పెడు పొట్టు రాలింది. ఇరుసుకు అటొకటి ఇటొకటి ఉన్న బేరింగులు చేత్తో తిప్పితే పళ్లు కొరుకుతున్నట్టు గరగరమన్నాయి. తిరిగే రాగి చుట్టుకు రెండు పక్కలా ఆనుకుని కరెంటు అందించే కార్బన్ బ్రష్షులుంటాయి. వాటిని ఆవిడ బొగ్గులంటుంది. అవి అరిగి అరిగి గోరంత మిగిలాయి. మోటారులో చుట్టిన తీగ మాత్రం కాలలేదు. అది కాలి ఉంటే కొత్త తీగ కొనే డబ్బు లేదు, మూల మంచమే గతి.

బేరింగులు మరిది దగ్గరే దొరికాయి. వాటికి బదులుగా అతని షాపులో మూలపడ్డ ఫాను మోటారుకు తీగ చుట్టి పెడతానంది. ఆ కొలత బొగ్గులు మాత్రం లేవు. ఇంకో మిషనువి, కాస్త లావువి ఉన్నాయి. గుమ్మం దగ్గర రాయి మీద వాటిని అరగదీస్తూ, మోటారులో అవి కూర్చునే గూట్లో పెట్టి చూస్తూ, మళ్లీ అరగదీస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. గూట్లో బిగుసుకోకూడదు, ఊగకూడదు. రాగి చుట్టును సన్న గరుకు కాగితంతో తళతళలాడేదాకా తోమింది.

అన్నీ బిగించి చెయ్యి కడుక్కునేలోపు, మరిది ఆత్రం ఆపుకోలేక ప్లగ్గు పెట్టేశాడు. రవ్వలు లేచాయి. ఆవిడ తడిచేతులు తుడుచుకుని ప్లగ్గు పీకింది.

"కొత్త చెప్పులు వేసుకున్ననాడే పరుగెత్తుతావటయ్యా? కాలు బొబ్బలెక్కదూ?"

తీగ మధ్యలో బల్బొకటి కలిపి, మోటారును నెమ్మదిగా గంటసేపు తిరగనిచ్చింది. బొగ్గుల మొనలు రాగి ఒంపుకు తగ్గట్టు అరిగాయి. తర్వాత బల్బు తీసేసి ప్లగ్గు పెడితే షాపులో కాగితాలన్నీ గొట్టంలోకి పోయాయి. మరిది మీసం మీద చెయ్యి వేసుకుని లోపలికెళ్లాడు. ఆ పందెం ఇంకా తేలలేదు.

చిరిగిన సంచి కుట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సోమవారం మిషనుతో పనిలోకి దిగింది. సగం పూటలో కార్ఖానా అద్దమైంది. పదిహేను రోజులకు దగ్గు కొంచెం లొంగింది. అప్పుడొచ్చాడు యజమాని.

"మన మిషను భలే బాగుచేశావు పెద్దమ్మా. రేపట్నుంచి లోడు దించేవాడు తోసుకుంటాడులే. నువ్వింక ఇంటిపట్టున ఉండు."

పనివాళ్లు ఉలులు ఆపేశారు. పెద్దమ్మ ప్లగ్గు పీకింది. పైమూత తీసి, రెండు మరలు విప్పి, రెండు బొగ్గులూ తీసి, దగ్గు మాత్రల ఖాళీ డబ్బాలో వేసి మూతపెట్టింది.

"మీ మిషను మీరు తీసుకోండి బాబూ. బేరింగులూ నావే, విప్పడం పెద్ద పని. ఉంచుకోండి."

యజమాని స్విచ్చి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ప్లగ్గు తీసి పెట్టి నొక్కాడు. కార్ఖానా నిండా పొట్టు పేరుకుపోతే, మూడు రోజులకు ముక్కు మూసుకుని, పెద్దమ్మ ఉంటున్న గదికి తనే నడిచొచ్చాడు.

ఇప్పుడు మిషను కార్ఖానాలోనే ఉంటోంది. రోజూ పొద్దున పెద్దమ్మ వచ్చి బొగ్గులు పెడుతుంది, సాయంత్రం తీసి డబ్బాలో వేసుకుని వెళ్లిపోతుంది. అంత అక్కర్లేదు పెద్దమ్మా, ఇక్కడే ఉండనీ అని యజమాని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ డబ్బా చెవి దగ్గర ఆడించి, రెండూ ఉన్నాయని చూసుకుని, ఆవిడ గేటు దాటింది.