‘నీ ఇష్టం’ అనడం రాని నోరు

మా ఇంట్లో నేను ఎవరికీ ఏదీ వద్దని చెప్పిన మనిషిని కాను. కావాలంటే మా అబ్బాయిని అడగండి. ఎవరు ఏది అడిగినా ‘నీ ఇష్టం’ అనేదాన్ని. అంతే, అడిగినవాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తేవారు కాదు.

మా ఆయన ఈ బెంగాలీ ఊళ్ళో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో ఓసారి రేడియో కొందామన్నారు. ‘మీ ఇష్టం’ అన్నాను. సైకిలేసుకుని బజారు దాకా వెళ్ళిన మనిషి ఉత్త చేతులతో తిరిగొచ్చి, "పక్కింటోళ్ళు పెడితే మనకీ ఇనపడతాది కదేటి" అన్నారు. మంచి మనిషి. ఆయనకి మాట అర్థమయ్యేది.

కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఆ పిల్లకి ఇది తెలియదు. నేను ‘నీ ఇష్టం’ అన్న పనల్లా నిజంగానే చేసేసేది. చివరికి మా అబ్బాయే కూర్చోబెట్టి చెప్పాడు.

"మాయమ్మ నీ ఇష్టమన్నాదంటే ఎర్ర సిగ్నలు పడినట్టే. బండి ఆపీ."

వాడికి రైల్వేలో ఉద్యోగం రాలేదు, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీకి వెళ్తాడు. మాటలు మాత్రం తండ్రివే, అన్నీ రైల్వేవి.

ఈ ఏడు శ్రీరామనవమికి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళ గుడిలో కోడలు పులిహోర కలిపింది. ఇంజినీరింగు చదవడానికి ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన పిల్లలు పండగలకి ఆ గుడికి వస్తారు. వాళ్ళు ఒకసారి తిన్నారు, మళ్ళీ వరసలో నిలబడి తిన్నారు, ఆ తర్వాత వరసా గిరసా లేకుండా నేరుగా మా కోడలి దగ్గరికే వచ్చారు. "అక్కా, మాకు రోజూ మధ్యాహ్నం క్యారేజీలు కట్టి పంపుతారా?" అని అడిగారు. ఆదివారం లోపల చెప్పమన్నారు. కుదరకపోతే ఇంకో చోట మాట్లాడుకుంటారట.

ఇంటికొచ్చే దారిలో ఆ పిల్ల కాళ్ళు నేల మీద లేవు. మా ఇంటికి వచ్చాక ఇది నాకు కావాలి అని తను ఒక పని అడగడం అదే మొదలు.

"అత్తమ్మా, నాను సేస్తానండి. మీకు ఇబ్బంది నేకుండా సూసుకుంటాను. ఏటంటారు?"

నేను గుమ్మం పక్కన చెప్పులు విడుస్తూ అన్నాను: "నీ ఇష్టం."

ముఖం చూడకుండానే తెలిసింది, బండి ఆగిపోయిందని.

ఆ కాలేజీ పిల్లల మీద నాకేం కోపం లేదు. కానీ వంటగది నాది. బాణలిలో నూనె పోసే చెయ్యి నాది. ఉల్లిపాయ పొట్టు ఎంత పల్చగా తీయాలో మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరి పిల్లలందరికీ క్యారేజీలంటే గరిటె ఆ పిల్ల చేతికి వెళ్ళిపోతుంది. ఇక నేను దేనికి?

మర్నాడు సాయంత్రం గుడిలో భజన అయ్యాక పూజారిగారు నాలుగు మంచి మాటలు చెప్పారు.

"మన ఇష్టాన్ని తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర వదిలెయ్యాలమ్మా. అయితే అది అక్కడ ఉండదు. కుక్కపిల్లలాగ మన వెనకాలే ఇంటికొచ్చేస్తుంది. వచ్చిందని తెలిసినప్పుడల్లా చెంపలేసుకుని, మళ్ళీ ఎత్తుకెళ్ళి అక్కడే దింపాలి. బతికున్నంత కాలం ఇదే పని."

నేను చదివింది కొద్దిగా. శ్లోకాలు నాకు ఎక్కవు. ఇది ఎక్కింది. పైగా దీనికి కొబ్బరికాయ అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. చెంపలు ఇంట్లోవే.

తెల్లవారగానే మొదలుపెట్టాను. ఇంకాస్త పొయ్యమని పాలవాణ్ణి గదిమాను, చెంపలేసుకున్నాను. కోడలు కుళాయి ధారగా తిప్పింది. అరవబోయి, ఆగి, చెంపలేసుకున్నాను. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతోంది. దేవుడి ఇష్టం కూడా అది ఆపెయ్యడమే అయి ఉంటుందనుకుని ఆపేశాను. ఆయన తరఫున నేనే మాట్లాడేశానని గుర్తొచ్చి, దానికి కాస్త గట్టిగా వేసుకున్నాను.

"ఏటమ్మా, దోమలా?" అన్నాడు మా అబ్బాయి.

పక్కింటి బెంగాలీ ఆవిడ గోడ మీద నుంచి తొంగి చూసి, "కీ హోలో దీదీ? దాంతే బ్యథా?" అని అడిగింది. పన్ను నొప్పి అనుకుంది పాపం. ఇది ఠాకూర్ పని, దేవుడి పని అని నాకొచ్చిన బెంగాలీలో చెప్పాను. తల ఊపి, లోపలికి వెళ్ళి లవంగ నూనె సీసా తెచ్చి ఇచ్చింది. ఊరికే వచ్చినదాన్ని వద్దనడమెందుకని దాచుకున్నాను.

ఇన్నిటికి చెంపలేసుకున్నాను గానీ, క్యారేజీల సంగతికి మాత్రం చెయ్యి లేవలేదు.

ఆదివారం పొద్దున్నే గుడికి వెళ్ళాను. ఎప్పుడూ వెంట వచ్చే కోడలు ఆ రోజు పనుందని ఉండిపోయింది. స్వామి ముందు నిలబడి దండం పెట్టుకున్నాను. నాకు మనసులో మొక్కుకోవడం అలవాటు లేదు, పైకే మాట్లాడతాను.

"తండ్రీ, ఆ పిల్ల అడిగింది నీకు తెలుసు. నా వంటగదీ నీకు తెలుసు. ఆ కాలేజీ పిల్లలకి ఇంకెక్కడా కూడు దొరకదేటి? ఆలోసించుకో. ఆ తరవాత నీ ఇష్టం."

తీర్థం గిన్నె పట్టుకుని వస్తున్న పూజారిగారు ఆగిపోయారు.

"ఏవమ్మా, స్వామిని బెదిరిస్తున్నారేవిటి?"

"బెదిరించడమేటండీ! మీరే కదా సెప్పినారు. నా ఇష్టం ఆయనకి ఇచ్చీసినాను."

"ఇచ్చినట్టు లేదమ్మా. మా ఇంట్లో ఆవిడా ఇలాగే అంటుంది. ఆ మాట విన్నాక నేనింక ఆ పని జోలికి వెళ్ళను."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ కోడలితో అన్న మాట నా చెవిలో మళ్ళీ పడింది. అదే గొంతు, అదే విసురు. అంటే ఇన్నేళ్ళూ పొద్దున్నే వచ్చి దేవుడికి కూడా ఎర్ర సిగ్నలే చూపిస్తున్నానన్నమాట! మా ఆయన మంచం మీద ఉన్నప్పుడు కూడా ఇలాగే ‘నీ ఇష్టం’ అన్నాను. స్వామి ఆగలేదు, తీసుకుపోయాడు. అప్పుడు స్వామి మీద కోపం వచ్చింది గానీ, నేను అన్నది ఏమిటో నాకు తెలియలేదు.

ఇప్పుడు లేచింది చెయ్యి, చెంపల మీదికి.

ఇంటికి వచ్చేసరికి కోడలు బియ్యం కడుగుతోంది. పక్కనే ఫోను.

"ఆ పిల్లలకి ఏటి సెప్పినావు?"

"ఇంకా సెప్పనేదండి. ఇప్పుడు సెప్పీస్తాను, కుదరదని."

"కుదరదని ఎవులన్నారు? నీ ఇష్టమే," అన్నాను. మెత్తగానే అన్నాననుకున్నాను.

ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "మానీస్తానన్నాను కదండి. మళ్ళీ ఆ మాట ఎందుకండి?"

"అయిపోయింది. ఇంకో సిగ్నలు కూడా పడిపోయింది," అన్నాడు మా అబ్బాయి వరండాలోంచి.

ఏళ్ళ తరబడి ‘వద్దు’ వండిన గిన్నెలో ఇవాళ ‘సరే’ వండితే ఎవరు తింటారు? నా నోట్లో ఆ మాట పాడైపోయింది, ఇంకో మాట నా దగ్గర లేదు. పొయ్యి వైపు తిరిగి, ఈసారి సలహా ఏమీ ఇవ్వకుండా, "తండ్రీ, నాకు అనడం రాదు" అన్నాను. తర్వాత ఏం చెయ్యాలో తోచక కత్తిపీట వాల్చుకుని కింద కూర్చున్నాను.

"రేపు ఏటి కొయ్యమంటావో సెప్పు."

"ఎవులికండి?"

"ఆ కాలేజీ పిల్లలకి. ఇంకెవులికి?"

"ఓలమ్మో! అమ్మకి జొరం గానీ వచ్చినాదేటి!" అన్నాడు మా అబ్బాయి. కోడలు చెయ్యి చీరకి తుడుచుకుని ముందు ఫోను తీసింది. నేను మనసు మార్చుకునేలోపు ఆ పిల్లలతో మాట్లాడేసింది. తెలివైనదే.

మర్నాడు బెండకాయలు నా ముందు పోసింది.

"ముక్కలు పెద్దగా కొయ్యండి అత్తమ్మా."

చిన్నగా కోస్తే కూర ఎక్కువగా కనిపిస్తుంది. "పెద్దగానా?" అన్నాను.

"పెద్దగానేనండి."

పెద్దగానే కోశాను. నూనె ఆ పిల్లే పోసింది. నేను కిటికీ వైపు తిరిగాను. కళ్ళు తిప్పుకోవచ్చు గానీ చెవులు ఎక్కడ పెట్టుకోను? ధార ఎంతసేపు పడిందో వినపడుతూనే ఉంది.

క్యారేజీలు వెళ్ళిపోయాక నా కంచంలో అన్నం, ఆ కూర వేసి, ఎదురుగా నిలబడింది. ముక్క బాగా ఉడికింది. ఉప్పు ఒక పలుకు తగ్గింది. చెప్పాలా వద్దా అని స్వామిని అడిగాను. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు. అందుకని మారు వడ్డించుకుని తిన్నాను.