సంచిలో సర్దిన వారం

మా ఇంటి వారం వంటల పట్టిక నేను తయారు చేసింది కాదు. అది మా వదినెది. ఈ మాట చెప్పాల్సిన చోట చెప్పకుండా మింగేశాను. అంతటితో ఆగలేదు, చర్చిలో నలుగురి ముందు నిలబడి అది నాదేనని చెప్పుకున్నాను.

బోధన్‌లో మాది ఏడుగురి ఇల్లు. అన్న చెరకు లారీ నడుపుతాడు. చెరకు కొట్టే కాలంలో ఏ పూట ఇంటికి వస్తాడో ఆయనకే తెలియదు. నా భార్య నిజామాబాద్‌లో నర్సు. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ. నేనూ అక్కడే ఒక ఆఫీసులో గుమస్తాను. పొద్దున్నే బస్సెక్కాలి. ముగ్గురు పిల్లలకు మూడు టిఫిన్ డబ్బాలు కట్టాలి. వదినె ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. ప్రతి గురువారం వాటిని కార్ఖానాలో అప్పజెప్పి వస్తుంది.

ఇంత హడావిడిలోనూ "ఇయ్యాల ఏం కూర?" అన్న ప్రశ్న మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. జవాబు వంటింటి కిటికీ పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. అది వదినె గుడ్డ సంచి.

శనివారం సాయంత్రం వదినె ఆ సంచి పట్టుకుని మార్కెట్‌కు నడిచి వెళ్లేది. సంచిలోకి ముందు చిన్న గుమ్మడికాయ, తర్వాత ఆలుగడ్డలు, వాటి మీద దోర టమాటలు, ఆ పైన మేము గోకరకాయ అనే గోరుచిక్కుడు, బెండకాయ. అన్నిటికంటే ఆఖరున పాలకూర, గోంగూర, అదే మా పుంటికూర. అంటే ఆదివారం కూర సంచిలో అన్నిటికంటే పైన, శనివారం కూర అడుగున. ఆదివారం మాంసంలోకి పుంటికూర, సోమవారం పాలకూర పప్పు. గురువారానికి దోర టమాటలు సరిగ్గా పండేవి. ఆ రోజు వాటిలో నాలుగు గుడ్లు కొట్టి వేస్తే కూర అయిపోయేది. వదినె బీడీలు తీసుకుని వెళ్లే రోజు కదా, గిల్లే పని, వొలిచే పని ఉండకూడదు. పొద్దున ఎవరు వంటింట్లోకి వెళ్లినా చేతికి ముందు తగిలినదే ఆ పూట కూర. మా అన్న కూడా తప్పు చేయలేడు.

కొన్ని వారాలు అది గమనించి నేను ఒక కాగితం మీద రాశాను. స్కేలు పెట్టి గీతలు కొట్టి, రంగులు వేసి, వంటింటి తలుపుకు అంటించాను. వదినె చూసి నవ్వింది.

"మంచిగున్నది తమ్మి. ఆకుకు పచ్చరంగు గూడ ఏసినవ్."

చుట్టాలు వచ్చి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఇంత తెలివి నీకెక్కడిదని అడిగితే చిరునవ్వు నవ్వాను. తప్పు అక్కడే మొదలైంది. తర్వాత ఒక ఆదివారం చర్చిలో, లేచి తమ అనుభవాలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, కుటుంబం గురించి ఎవరైనా మాట్లాడమని పాస్టరుగారు అన్నారు. నేను లేచాను. ఇద్దరు ఆడవాళ్లూ పని చేసే ఇంట్లో మగవాడు బాధ్యత తీసుకోవాలని, అందుకే వారం వంటలు నేనే ఆలోచించి పెడతానని గట్టిగా చెప్పాను. ఆడవాళ్ల వరుసలో ఒకామె వదినె వైపు తిరిగింది.

"నీ నసీబే నసీబు అక్కా! మరిది గిట్ల సూసుకుంటుంటే నీకేం పని?"

"అవును. కూసోని తింటున్న," అంది వదినె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ శనివారం వదినె సంచి దులుపుతుంటే బండి తాళం తీసుకున్నాను.

"నువ్వెందుకు నడుసుడు వదినె? నేను బండి మీద తెస్త."

ఆమె సంచిని కాసేపు అట్లాగే పట్టుకుని, తర్వాత నా చేతిలో పెట్టింది.

"సరే. నీకు కాయిదం ఉన్నది గద."

వదినె ఇల్లు దాటేది వారానికి రెండుసార్లే, కార్ఖానాకు ఒకసారి, మార్కెట్‌కు ఒకసారి. మొదటిది పని. రెండోది ఆమె సొంతం. పక్క ఊరి నుంచి ఆమె చెల్లెలు మార్కెట్‌కు వచ్చేది. ఇద్దరూ మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడి తిని, పొద్దుగూకే దాకా మాట్లాడుకునేవాళ్లు. ఇది నాకు తెలుసు. తెలిసే సంచి తీసుకున్నాను.

అంతటితో ఊరుకోక పట్టికను బాగుచేయడం మొదలుపెట్టాను. పిల్లలు అడిగారని ఆలుగడ్డ సోమవారానికి తెచ్చాను. పాలకూర శుక్రవారానికి, గోకరకాయ గురువారానికి జరిపాను. శుక్రవారానికి పాలకూర నల్లబడిపోయేది. మార్కెట్‌లో మంచి ఆకు రావడం లేదని తేల్చేశాను. గురువారం తెల్లవారకముందే వదినె ఒక పక్క బీడీ కట్టలు, ఒక పక్క గోకరకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ కనిపించేది. నేను ఆమెను దాటుకుని బస్సుకు పోయేవాణ్ణి.

అట్లా ఏడాది గడిచింది. ఒక శనివారం ఆకుకూరలు అమ్మే ముసలామె నా సంచిలోకి తొంగి చూసింది. మహారాష్ట్ర సరిహద్దు అవతలి మనిషి, మరాఠీ యాస, తమ్ముణ్ణి భావూ అంటుంది.

"ఏం భావూ, ఆకు ముందుగాల కొని మీదికెల్లి ఆలుగడ్డలు పోసినవ్? కింద ఆకు సచ్చిపోతది గద! మీ వదినె సంచి సర్దుడు సూడలేదా? సోమారంది సోమారం, బేస్తారంది బేస్తారం. మా కోడలికి గూడ ఆమెనే నేర్పింది. నీకు నేర్పలే?"

సంచి మూతి దగ్గరికి లాగి కదలబోయాను. ఆమె వదల్లేదు.

"ఏడాది సంది అవుపడ్త లేదు, పానం మంచిగ లేదా ఆమెకు? చెల్లె గూడ వచ్చుడు బంజేసింది. అక్క లేంది ఎవలి కోసం వస్తదిలే."

పక్కకు వెళ్లి ఆలుగడ్డలు తీసి ఆకును పైకి సర్దాను. నేను కాగితం మీదికి ఎక్కించుకున్నది కూరల పేర్లే. ఏది ఎప్పుడు వాడిపోతుందో, ఏ రోజు ఎవరి చేతికి తీరిక ఉండదో ఆ కాగితంలో లేదు. అది తెలిసిన మనిషిని నేను ఇంట్లో కూర్చోబెట్టాను.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నువ్వు చర్చిల చెప్పిన దినమే నాకు ఎరుక. నువ్వే చెప్తవని సూస్తున్న."

"రేపు పొద్దుగాల వదినెకు చెప్త."

"వంటింట్ల గుసగుస చెప్తె సాలదు. అబద్ధం యాడ చెప్పినవో ఆడనే చెప్పు."

ఆమె మాట సరైనదే. మరుసటి రోజు సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. వదినె ఆడవాళ్ల వైపు రెండో వరుసలో ఉంది. నాకు భయం వేయలేదు. ఏడాదిగా మోసిన బరువు దించుతున్న మనిషికి భయమెందుకు?

"పోయినేడు ఈడనే నిలబడి అబద్ధం చెప్పిన," అన్నాను. "వారం వంటలు ఆలోచించింది నేను కాదు, మా వదినె. నేను సూసి రాసుకున్న, గంతే. రాసినంక గూడ నాకు సమజ్ కాలే. దిద్దబోయి ఖరాబు చేసిన. ఆ ఖరాబంత ఆమెనే మోసింది."

కూర్చోమని వదినె చేత్తో సైగ చేసింది. "ఇగ సాలు తమ్మి, అందరు సూస్తున్నరు," అని ఆమె పెదవులు కదిలాయి. నేను కూర్చోలేదు. ఆమె వైపు తిరిగాను.

"వదినె, నీ తెలివి నాదని చెప్పుకున్న. నీ శనివారం గుంజుకున్న. సంచి కడిగి మేకుకు తలిగేసిన, ఇగ అది నీదే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."