మగోళ్ల కళ్లద్దాలు

మగ్గం మీద నిలువు పోగులను మేము అచ్చు అంటాం. పాత అచ్చు అయిపోతే, దాని కొనలకు కొత్త అచ్చు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేది ధర్మవరంలో మా ఆడవాళ్లమే. నలభై దాటాక నాకా పట్టు పోగులు అలుక్కుపోయినట్టు కనిపించసాగాయి. పెనుకొండకు కళ్ల డాక్టరు వచ్చాడంటే వెళ్లాను. డబ్బేమీ తీసుకోకుండా పరీక్ష చేసి, నంబరు చీటీ రాసిచ్చాడు.

ఆ చీటీతో హిందూపురంలో కళ్లద్దాల అంగడికి పోయాను. కొత్తవి చేయించుకునే స్తోమత నాకు లేదు. ఎవరో చేయించి, తీసుకుపోవడానికి రాని జత ఒకటి పెట్టెలో ఉంది. నంబరు నాదే, ధర సగమే, ఫ్రేము మాత్రం లావుగా, నల్లగా ఉంది.

“అవి మగోళ్లవి కదమ్మా,” అన్నాడు అంగడాయన.

“కండ్లకు ఆడామగా యాడుండాదప్పా? ఇట్లియ్యి.”

చదివి చూడమని పేపరు చేతికిచ్చాడు. నాకప్పుడు చదువు రాదు. కొంగున ముడేసుకుని తెచ్చిన రెండు పట్టు పోగులు తీసి, అక్కడే నిలబడి అతికాను. అతుకు చక్కగా కుదిరింది. ఇంకేం చూడాలి?

మా వీధిలో అప్పటికి కళ్లద్దాలు పెట్టిన ఆడమనిషి లేదు. గడపలోనే మా అత్త అందుకుంది.

“మగరాయుడి మాదిరి ఏందే ఆ యేషం? నలుగురూ నగరా?”

అద్దాలు తీసి ఆమె కళ్లకే పెట్టాను. కాసేపు నన్నే ఎగాదిగా చూసింది.

“ఓసి, నీ తల యెప్పుడు నెరిసిందే!”

“నీ ఇంట్లోనే అత్తా,” అని అద్దాలు తీసుకుని మగ్గం దగ్గరికి వెళ్లాను.